ప్రణాళికా సంఘం, సిమెంటు పర్మిట్టు, ఒక అసమ్మతి పత్రం

రెండవ పంచవర్ష ప్రణాళిక ముసాయిదాను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 1955లో ఆర్థికవేత్తల మండలి ఒకటి ఏర్పాటు చేసింది. ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ దానికి అధ్యక్షుడు. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు వంటి ఉద్దండులతో సహా సుమారు ఇరవై మంది అందులో సభ్యులు. వారంతా ముసాయిదాను స్థూలంగా సమర్థిస్తూ నివేదిక ఇవ్వగా, ఒక్కరు మాత్రం ఆ ఏప్రిల్‌లోనే విడిగా అసమ్మతి పత్రం రాసి జతపరిచారు. ఆయన బి.ఆర్. షెనాయ్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుకునే రోజుల్లో, స్వేచ్ఛా విపణిని సమర్థించిన ఆర్థికవేత్త హాయెక్ ఉపన్యాసాలు విన్నవాడు, రిజర్వు బ్యాంకులో పనిచేసినవాడు, తరువాత అహ్మదాబాదులో గుజరాత్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆ పత్రాన్ని ఎవరూ ఖండించలేదు, ఎందుకంటే ఖండించవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఒకవైపు ఇరవై మంది, మరోవైపు ఒక్కడు ఉన్నప్పుడు వాదన తేలిపోయినట్టే అనుకోవడం మన దేశంలో కమిటీలకు ఆనాటి నుంచీ ఉన్న అలవాటు.

మార్కెట్టును సమర్థించేవాళ్లు ప్రణాళికా రచయితలను మూర్ఖులుగా చిత్రించడం తేలికగా చేస్తుంటారు. నాకు ఆ ధోరణి నచ్చదు. రెండవ ప్రణాళికకు నమూనా తయారుచేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన కాలంలో ప్రపంచంలోని గొప్ప గణాంక శాస్త్రజ్ఞుల్లో ఒకరు. 1931లో కలకత్తాలో ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి వెళ్లిన మన సి.ఆర్. రావు ఎదిగాడు. బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో ప్రతి పొలానికీ వెళ్లి కొలవకుండా, కొన్ని పొలాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని కొలిచి మొత్తాన్ని నమ్మదగినంత దగ్గరగా అంచనా వేయవచ్చని ఆయన నిరూపించాడు. జాతీయ నమూనా సర్వేకు పునాది వేసింది కూడా ఆయనే. ఈ రోజు మన దేశంలో పేదరికం గురించి ఎవరు ఏ అంకె చెప్పినా దాని మూలం ఆయన దగ్గర తేలుతుంది.

అయితే జరిగిపోయినదాన్ని లెక్కించడం వేరు, జరగబోయేదాన్ని నిర్ణయించడం వేరు. రైతు ఈ ఏడాది ఎన్ని ఎకరాల్లో జనుము వేశాడో నమూనా సర్వే చెప్పగలదు. జనుము ధర బస్తాకు పది రూపాయలు తగ్గితే అదే రైతు వచ్చే ఏడాది వరికి మళ్లుతాడా, ఆ పొలం కౌలుకిచ్చి కలకత్తా మిల్లులో పనికి పోతాడా, కూతురి పెళ్లి ఉంది కనుక నష్టమైనా మళ్లీ జనుమే వేస్తాడా అన్న సంగతి ఏ సర్వేకూ అందదు, ఎందుకంటే ఆ పరిస్థితి వచ్చేదాకా ఆ రైతుకే తెలియదు. ధర వచ్చి ఎదురుగా నిలబడినప్పుడు మాత్రమే మనిషి తన మనసులో ఏముందో తేల్చుకుంటాడు. కోట్లాది మంది అలా తేల్చుకోవడం వల్ల పుట్టే సమాచారం ముందే పోగుచేసి పెట్టుకోగల సరుకు కాదు. మహలనోబిస్ నమూనాలో ఇనుము, యంత్రాలు తయారుచేసే రంగానికి పెట్టుబడిలో ఎంత వాటా ఇస్తే పదిహేను ఇరవై ఏళ్లకు జాతీయాదాయం ఎంత పెరుగుతుందో లెక్క ఉంటుంది. ఆ లెక్కలో తప్పు లేదు. అందులో ధరలు లేవు, విదేశీ వాణిజ్యానికి చోటు దాదాపు లేదు, మనుషులు మనసు మార్చుకోవడం అసలే లేదు.

షెనాయ్ ఇంత దూరం కూడా పోలేదు. ఆయన అడిగినది ఇంటి యజమాని అడిగే ప్రశ్న: డబ్బు ఎక్కడిది? ప్రభుత్వ రంగంలో ఐదేళ్లలో 4,800 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాలని ప్రణాళిక. అందులో 1,200 కోట్లు లోటు ద్రవ్య విధానం ద్వారా, అంటే సూటిగా చెప్పాలంటే నోట్లు అచ్చువేసి, సమకూర్చుకోవాలని నిర్ణయం. ఆనాటికి దేశంలో పొదుపు, పెట్టుబడి జాతీయాదాయంలో ఏడు శాతం దరిదాపుల్లో ఉండేవి. నిజమైన పొదుపును మించి పెట్టుబడి పెట్టబోతే ధరలు పెరుగుతాయనీ, ధరలను అదుపు చేయడానికి కంట్రోళ్లు వస్తాయనీ, కంట్రోళ్లు ప్రజాస్వామ్యానికి చేటు తెస్తాయనీ షెనాయ్ హెచ్చరించారు. పూట గడవడమే గగనంగా బతికే జనం ఉన్న దేశంలో అదుపు తప్పిన ద్రవ్యోల్బణం సమాజ వ్యవస్థనే కదిలించగలదని కూడా ఆయన రాశారు. ప్రభుత్వం మరిన్ని పరిశ్రమలను జాతీయం చేయడం, ఉన్న కంట్రోళ్లను విస్తరించడం వద్దన్నారు.

ఫలితం తేలడానికి పదేళ్లు పట్టలేదు. ప్రణాళిక మొదలైన రెండేళ్లలోనే విదేశీ మారక నిల్వలు సగానికి పైగా కరిగిపోయాయి. నోట్ల జారీకి వెన్నుదన్నుగా రిజర్వు బ్యాంకు ఎంత బంగారం, ఎంత విదేశీ ద్రవ్యం ఉంచుకోవాలో చెప్పే చట్టాన్ని 1956లో ఒకసారి, 1957లో మరోసారి సవరించి, చివరికి 200 కోట్లు ఉంటే చాలన్నారు. నిల్వలు నిబంధనను అందుకోలేకపోయేసరికి నిబంధననే నిల్వల స్థాయికి దించారన్నమాట. 1957 నుంచి దిగుమతులపై ఆంక్షలు బిగించారు. 1958 ఆగస్టులో వాషింగ్టన్‌లో మనకు అప్పులిచ్చే దేశాలు సమావేశమయ్యాయి. ప్రణాళికను 4,500 కోట్లకు కుదించారు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి, 4.76 రూపాయలున్న డాలరును 7.50 చేశారు. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టూ షెనాయ్ పత్రం చదివినవారికి ఆశ్చర్యం కలిగించి ఉండదు. అయినా ఆయనను పిలిచి మళ్లీ అడిగినవారు లేరు, తప్పు చెప్పిన ఇరవై మందిలో పదవి పోగొట్టుకున్నవారూ లేరు. సొంత సొమ్ముతో తప్పు చేసిన వ్యాపారి దివాలా తీస్తాడు. ఊరి సొమ్ముతో తప్పు చేసిన నిపుణుడికి తరువాతి ప్రణాళికలో కూడా కుర్చీ ఉంటుంది.

ఇక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్పాలి. ఈ ప్రణాళికా వ్యామోహం నెహ్రూ ఒక్కడిదీ కాదు, వామపక్షం ఒక్కదానిదీ కాదు. 1944లోనే జె.ఆర్.డి. టాటా, జి.డి. బిర్లా, లాలా శ్రీరాం, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ ప్రభృతులు కలిసి బొంబాయి ప్రణాళిక అనే పేరుతో ఒక పత్రం వెలువరించారు. భారీ పరిశ్రమలలో రాజ్యం చేయి వేయాలనీ, అవసరమైతే నియంత్రణలు ఉండాలనీ అందులో ఉంది. విదేశీ పోటీ లేకుండా, లైసెన్సు దొరికిన నలుగురికే మార్కెట్టు దక్కితే పెద్ద వ్యాపారికి వచ్చిన నష్టం ఏముంది? స్వేచ్ఛా విపణిని సమర్థించడమంటే వ్యాపారులను సమర్థించడమని అనుకునేవారు ఈ పత్రం సంగతి గుర్తుంచుకోవాలి. లైసెన్సుల రాజ్యంలో నిజంగా నష్టపోయినవాడు లైసెన్సు అడగడానికి ఢిల్లీ దాకా పోలేనివాడు, పోటీకి దిగే అవకాశమే రాని చిన్నవాడు, క్యూలో నిలబడిన కొనుగోలుదారు.

ఆ క్యూ ఎలా ఉండేదో ఈ తరానికి చెప్పాలంటే సిమెంటు కన్నా మంచి ఉదాహరణ లేదు. 1956లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ఏర్పడగానే దేశంలోని సిమెంటు పంపిణీని అది తన చేతిలోకి తీసుకుంది. 1966లో ఒకసారి కంట్రోలు సడలించి, రెండేళ్లకే మళ్లీ బిగించారు. ప్రతి కంపెనీ బస్తాకు ఎంత ఉంచుకోవచ్చో నిపుణులు దాని ఖర్చులు చూసి నిర్ణయించేవారు. దాన్ని రిటెన్షన్ ధర అనేవారు. రవాణా ఖర్చును దేశమంతటికీ కలిపి సగటు కట్టేవారు కనుక, సున్నపురాయి కొండ పక్కన ఉన్న ఊరికీ వెయ్యి మైళ్ల అవతల ఉన్న ఊరికీ రైలు స్టేషనులో ధర ఒక్కటే. వినడానికి ఇది ఎంతో న్యాయంగా ఉంటుంది. జరిగింది ఏమిటంటే, మార్కెట్టుకు దగ్గరలో కర్మాగారం పెట్టడం వల్ల లాభం లేకుండా పోయింది. నల్లగొండ, గుంటూరు, కర్నూలు, కడప జిల్లాల్లో తరగని సున్నపురాయి ఉన్నా, దక్షిణాదిలో ఇళ్లు కట్టుకునేవారికి దాని దగ్గరితనం వల్ల పైసా కలిసిరాలేదు. పాత కర్మాగారాల పాత ఖర్చులను బట్టి ధర కట్టినందువల్ల, కొత్త యంత్రాలతో కొత్త కర్మాగారం పెట్టేవాడికి గిట్టుబాటు కాలేదు. గిట్టుబాటు కాక కొత్తవి రాలేదు, రాక కొరత, కొరత ఉంది కనుక కంట్రోలు తీయకూడదు. ఈ చక్రం పాతికేళ్లు తిరిగింది. 1970ల చివరికి, ఇంత సున్నపురాయి ఉన్న దేశం విదేశాల నుంచి సిమెంటు దిగుమతి చేసుకుంది.

1979లో డెల్టాలోని మా ఊళ్లో మా నాన్నగారు ఇల్లు కట్టించారు. పెంకుటిల్లు తీసేసి డాబా వేయాలని ఆయన కోరిక. సిమెంటు కావాలంటే ముందు ఇంటి ప్లాను గీయించి పంచాయతీలో ముద్ర వేయించుకోవాలి, కరణం దగ్గర స్థలం తమదేనని కాగితం తీసుకోవాలి, ఆ రెండూ జతచేసి తాలూకా ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. అక్కడ గుమస్తా దరఖాస్తు తీసుకోవడానికి ఒక మర్యాద, పైకి పంపడానికి ఒక మర్యాద. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత అప్పట్లో ఎక్కువగా తాలూకా ఆఫీసు వరండాల్లోనే వినబడేది. మంజూరైన బస్తాలు ఒక్కసారి రావు, విడతలుగా వస్తాయి. మొదటి విడత పునాదికి సరిపోయింది. రెండో విడత వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. శ్లాబుకు సిమెంటు దాచాలి కనుక గోడలన్నీ గానుగ సున్నంతో కట్టించారు. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంటే నీళ్లు పోసి సున్నం, ఇసుక నూరడం నాకు బాగా జ్ఞాపకం. చివరికి వచ్చిన గోనె బస్తాల్లో కొన్ని అప్పటికే గడ్డకట్టి ఉన్నాయి. కొన్నింటిలో బూడిద కలిసిందని మేస్త్రీ చేతిలో వేసుకుని నలిపి చూసి చెప్పాడు. ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం? పర్మిట్టు సరుకు వద్దంటే పుచ్చుకోవడానికి వెనకాల పాతికమంది సిద్ధంగా ఉన్నారు.

మా ఊళ్లోనే ఇల్లు కట్టే ఉద్దేశం ఏ కోశానా లేని ఒకాయన పర్మిట్టు సంపాదించి, అది ఉన్నపళంగా బజారులో అమ్మేసి, మిగిలిన సొమ్ముతో గేదెను కొన్నాడు. ఆయన్ని చూసి మేమంతా నవ్వుకున్నాం కానీ, ఆర్థికశాస్త్రం ప్రకారం ఆ రోజు ఊళ్లో తెలివైన పని చేసినవాడు ఆయనే. కంట్రోలు ధరకూ బజారు ధరకూ మధ్య ఉన్న తేడాను ఎవరో ఒకరు జేబులో వేసుకోక తప్పదు. కర్మాగారానికి చేరి ఉంటే ఆ తేడా మరో కర్మాగారం అయ్యేది. అది గేదె అయింది, గుమస్తా మర్యాద అయింది. ఇంకా పై స్థాయిలో అది రాజకీయ విరాళం అయింది. మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఏ.ఆర్. అంతులే పెట్టిన ట్రస్టుకు బిల్డర్లు ఇచ్చిన విరాళాలకూ వారికి జరిగిన సిమెంటు కేటాయింపులకూ సంబంధం ఉందని బొంబాయి హైకోర్టు 1982 జనవరిలో తేల్చింది. ఆయన రాజీనామా చేశారు. పత్రికలన్నీ దాన్ని ఒక మనిషి అవినీతిగా రాశాయి. సంతకం విలువ సరుకు విలువను మించిపోయిన చోట ఇంకొకరు కూర్చున్నా అదే జరిగి ఉండేదని నా నమ్మకం.

ఆ మరుసటి నెలలోనే, 1982 ఫిబ్రవరి చివర, కేంద్రం సిమెంటుపై కంట్రోలును పాక్షికంగా తీసేసింది. సుమారు మూడింట రెండు వంతులు లెవీగా, అంటే ప్రభుత్వం కట్టిన ధరకు, ప్రభుత్వానికి ఇచ్చి, మిగిలినది కంపెనీలు తమకు నచ్చిన ధరకు అమ్ముకోవచ్చని చెప్పింది. లెవీ వాటాను క్రమంగా తగ్గిస్తూ పోయి 1989 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. ఈ ఏడేళ్లలో దేశంలో సిమెంటు ఉత్పత్తి ఇంచుమించు రెట్టింపయింది. వాడపల్లి, మట్టపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతం, పల్నాడు సిమెంటు కేంద్రాలుగా మారాయి. ఏ నిపుణుల సంఘమూ ఆ ఊళ్ల పేర్లు ఎంపిక చేయలేదు. ఈ మార్పులో నాకు ఎంతో విశేషంగా తోచేది ఏమిటంటే, కొత్త ఆవిష్కరణ ఏదీ జరగలేదు, విదేశీ సాయం రాలేదు, జనం రాత్రికి రాత్రి నిజాయితీపరులు కాలేదు. ఒక ఆర్డరు ఉపసంహరించారు, అంతే. ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారాల్లో ఆదిలాబాదుది మాత్రం తరువాత మూతబడింది. అక్కడ ఎన్నిక వచ్చినప్పుడల్లా తెరిపిస్తామనే హామీ ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

దీనికి జవాబుగా సిమెంటు కంపెనీల కుమ్మక్కు సంగతి ఎత్తేవారున్నారు, అది న్యాయమైన ప్రశ్నే. 2012లో కాంపిటీషన్ కమిషన్ పదకొండు సిమెంటు కంపెనీలపై ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఇల్లు కట్టుకునేవారు ఎవరైనా బస్తా ధర అన్ని కంపెనీలకూ ఒకే వారంలో పెరగడం గమనించే ఉంటారు. కుమ్మక్కయ్యే వ్యాపారిని పట్టుకుని శిక్షించడం ప్రభుత్వం చేయవలసిన పనే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ కుమ్మక్కు ధరకు ఈ రోజు సిమెంటు దొరుకుతుంది, ఫోను చేస్తే సాయంత్రానికి ఇంటి ముందు దించుతారు. 1979లో న్యాయమైన ధరకు సిమెంటు దొరికేది కాదు.

ఢిల్లీలో పెట్టుబడుల నిర్ణయం జరిగితే ఊళ్లో ఏమవుతుందో తెలుగువారికి ఇంకా కఠినంగా తెలిసిన ఉదాహరణ విశాఖ ఉక్కు. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని 1965లో నిపుణుల బృందమే చెప్పింది. ఆ తరువాత కేంద్రం నాన్చింది. మిగిలిన రాష్ట్రాలు తమకు కావాలని పట్టుబట్టాయి. 1966 అక్టోబరులో అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమంలో కాల్పులకు 32 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం ఇనుము, ఉక్కును ప్రభుత్వానికే ప్రత్యేకించిన పదిహేడు పరిశ్రమల జాబితాలో చేర్చినప్పుడు, ఒక ప్రాంతానికి కర్మాగారం రావాలంటే దారి రోడ్డు మీదే. ఆ ముప్పై ఇద్దరి త్యాగాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక వ్యాపార నిర్ణయం కోసం మనుషులు ప్రాణాలివ్వవలసి వచ్చిన వ్యవస్థను తప్పుపడుతున్నాను. అంత మూల్యం చెల్లించి తెచ్చుకున్న ఆ కర్మాగారానికి సొంత ఇనుప గని నేటికీ లేదు. గని కేటాయింపు కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంది కదా.

రైతు విషయంలో ఇదే తగాదా ఇంకా ముందుగా మొదలైంది. 1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు సమావేశం, చిన్న కమతాలన్నింటినీ కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలని తీర్మానించింది. నిపుణుల వాదన బాగానే ఉంది: కమతం పెద్దదైతే యంత్రాలు వాడవచ్చు, దిగుబడి పెరుగుతుంది, పట్టణాలకు ధాన్యం చవకగా వస్తుంది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.జి. రంగా దీన్ని ఎదిరించి కాంగ్రెసు నుంచి బయటకు వచ్చారు. ఆయన లెక్కలు తెలియక ఎదిరించినవాడు కాదు, ఆక్స్‌ఫర్డులో చదివి మద్రాసులో అర్థశాస్త్రం బోధించినవాడు. ఆ ఏడాది ఆగస్టులో రాజాజీ, మినూ మసానీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. పర్మిట్-లైసెన్సు రాజ్యం అన్న మాటను జనంలోకి తెచ్చింది రాజాజీ. ఆంధ్రలో గౌతు లచ్చన్న వంటి వారు ఆ పార్టీలో ముందు నిలిచారు. 1967 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. ఈ పార్టీని జమీందార్ల, సంస్థానాధీశుల పార్టీ అని కొట్టిపారేయడం మన వ్యాసకర్తలకు అలవాటు. రాజస్థాన్, ఒడిశాల్లో ఆ మాటలో కొంత నిజముంది. కానీ జమీందారీ వ్యతిరేక పోరాటాల్లోంచి వచ్చిన రంగా, లచ్చన్నలకు ఆ ముద్ర ఎలా అతుకుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. వారి వాదన సూక్ష్మంగా ఇది: పొలం ఎవరిదో వాడికే దానిలో ఏం పండుతుందో తెలుస్తుంది, దాని గట్టు మీద ప్రేమ ఉంటుంది. అది తీసేసి సహకార సంఘ కార్యదర్శి చేతిలో పెడితే జమీందారు పోయి ఇంకో జమీందారు వచ్చినట్టే.

సహకార వ్యవసాయం కాగితం దాటలేదు, ఆ మేరకు రంగా గెలిచారు. పండించిన ధాన్యం మీద మాత్రం ఓడిపోయారు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం మండలం ఏర్పరచి, అక్కడి బియ్యం బయటకు పోకూడదన్నారు. 1964లో దాన్ని కూడా చీల్చి ఒక్కో రాష్ట్రాన్ని ఒక్కో మండలంగా చేశారు. మిగులు ధాన్యమున్న గోదావరి, కృష్ణా డెల్టాల రైతు తన బియ్యానికి మంచి ధర ఉన్న కేరళకు అమ్ముకోలేడు. కేరళలో అదే కాలంలో బియ్యం కోసం జనం అల్లాడారు. రాష్ట్ర సరిహద్దుల్లో చెక్‌పోస్టులు, లారీలో పైన ఊక పోసి కింద బియ్యం బస్తాలు దాచడం, రాత్రిపూట దొడ్డిదారిన దాటించడం ఒక తరానికి వృత్తి అయ్యాయి. రైతు ఒక దేశంలో ఉంటూనే తన పంటకు పరాయిదేశం వాడయ్యాడు. మిల్లర్ల మీద లెవీ కూడా అలాగే దశాబ్దాలు నడిచింది. ప్రభుత్వం బజారు ధర కన్నా తక్కువ ఇచ్చి మిల్లు బియ్యంలో పెద్ద వాటా తీసుకుంటే, ఆ నష్టాన్ని మిల్లరు తన జేబులోంచి కట్టడు, ధాన్యం ధరలో రైతు దగ్గరే కోసుకుంటాడు. ఈ మాట మా వైపు ఏ కమతగాడిని అడిగినా చెబుతాడు.

1991లో ఏం జరిగిందో అందరికీ తెలుసు కనుక సాగదీయను. ఒక్క సంగతి మాత్రం మన పాఠకులు తరచు మరిచిపోతారు. ఆ జులై 24న లోక్‌సభ ముందు పెట్టిన పారిశ్రామిక విధానం, పద్దెనిమిది పరిశ్రమలు మినహా మిగిలినవాటికి లైసెన్సు అక్కరలేదని ప్రకటించినది, పరిశ్రమల శాఖను తన వద్దే ఉంచుకున్న పి.వి. నరసింహారావు శాఖ నుంచి వచ్చింది. అదే రోజు సాయంత్రం మన్మోహన్ సింగ్ చదివిన బడ్జెట్టు దాన్ని మరుగున పడేసింది. ముఖ్యమంత్రిగా ఉండగా భూపరిమితుల కోసం పదవినే పణంగా పెట్టిన మనిషి, ఇరవై ఏళ్లకు లైసెన్సు వ్యవస్థను చేతులారా కూల్చాడు. ఆయన మనసు మారిందా, ఖజానాలో డాలర్లు లేక మారవలసి వచ్చిందా అన్న చర్చ నాకు పెద్ద ముఖ్యంగా తోచదు. షెనాయ్ 1978లోనే పోయారు.

కొరియా ప్రభుత్వమే కదా దగ్గరుండి పరిశ్రమలు పెంచింది, మనం చేస్తే తప్పేమిటని అడిగేవారికి ఒక్క మాట. కొరియా ప్రభుత్వం అప్పులిచ్చిన కంపెనీలను ప్రపంచ బజారులో అమ్మి చూపమన్నది, అమ్మలేనివాటిని వదిలేసింది. అక్కడ చివరి తీర్పు విదేశీ కొనుగోలుదారుది. మన దగ్గర తీర్పు ప్రణాళికా సంఘం కూర్చునే యోజనా భవన్‌ది, అందువల్లే స్కూటరు కోసం ఏళ్ల తరబడి, టెలిఫోను కోసం అంతకన్నా ఎక్కువ కాలం నిరీక్షించాం.

ప్రణాళికా సంఘం 2015 జనవరి 1న పోయి నీతి ఆయోగ్ వచ్చింది, పంచవర్ష ప్రణాళికలు ఆగాయి. కానీ 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం ఉంది, అది ఇచ్చే అధికారం ఉంది, ఎగుమతులను ఆపగల విదేశీ వాణిజ్య చట్టం ఉంది, ఆ అధికారాలను వాడుకునే చేయి ఇంకా చురుగ్గా ఉంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. భారత ఆహార సంస్థ గోదాముల్లో అప్పుడు బియ్యం నిల్వలు బఫరు నిబంధనలకు, అంటే ఆపదకు ఉంచుకోవలసిన కనీస నిల్వకు, మించి ఉన్నాయి. వర్షాలు సరిగ్గా లేవు, ధరలు పెరుగుతున్నాయి, ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆ వారాంతంలో డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ భారతీయ దుకాణాల్లో సోనా మసూరి బస్తాల కోసం తెలుగువారు బారులు తీరిన వీడియోలు మన ఫోన్లన్నింటికీ వచ్చాయి, వాటి మీద జోకులూ వచ్చాయి. ఆ బస్తా ఎక్కవలసిన ఓడ కాకినాడలో ఎక్కకుండా ఆగినప్పుడు, మిర్యాలగూడ మిల్లరు కొనుగోలు ధర ఎంత తగ్గించాడో, అక్కడి రైతు ఎకరానికి ఎంత వదులుకున్నాడో ఎవరూ వీడియో తీయలేదు. నిషేధం తరువాతి నెలల్లో థాయ్‌లాండ్, వియత్నాం బియ్యం ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయి. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు. ఆ పద్నాలుగు నెలల్లో ప్రపంచం బియ్యానికి ఇవ్వడానికి సిద్ధపడిన అదనపు ధర వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతుకు చేరింది, కృష్ణా డెల్టా రైతుకు చేరలేదు. నిర్ణయం తీసుకున్న కమిటీలో ఈసారి అసమ్మతి పత్రం రాసినవారు ఉన్నట్టు కూడా వినలేదు.